వేలంలో చేజారిన జట్టు

పటాన్‌చెరు నుంచి లక్డారం దాకా, అటు ఇస్నాపూర్, పాశమైలారం కంపెనీ గేట్ల దాకా ఎండాకాలంలో ఎక్కడ నలుగురు చేరినా ఒక ప్రశ్న వినిపిస్తుంది: "పైసలు లేక కాదు గదా, మరి మంచి ప్లేయర్లను ఎందుకు ఇడిచిపెట్టిన్రు?" క్వారీల్లో, క్రషర్లలో పనిచేసేవాళ్లూ, సెకండ్ షిఫ్ట్ దిగాక ఆఖరి ఓవర్లు ఫోన్లో చూసుకునేవాళ్లూ అడిగేది ఇదే. హైదరాబాద్ ఐపీఎల్ జట్టు ఆట చూడటానికి ఇక్కడి నుంచి ఉప్పల్ స్టేడియానికి వెళ్లడమంటే నగరాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటడమే. మియాపూర్‌లో మెట్రో ఎక్కాలి, అమీర్‌పేటలో మారాలి, స్టేడియం స్టేషన్‌లో దిగాలి. టికెట్టుకు డబ్బు, ఆ రోజు పోయే కూలి వేరే. ఇంత పెట్టుకుని వెళ్లే మనిషికి యజమాని ఎవరిని కొన్నాడు, ఎవరిని వదిలేశాడు అని నిలదీసే హక్కు ఉందనే నా నమ్మకం.

సొమ్ము పోసి బయటి మేటి ఆటగాళ్లను తెచ్చుకోవడం మన గడ్డకు ఐపీఎల్ నేర్పిన విద్య కాదు. 1930-31లో ఇంగ్లండ్ నుంచి రావలసిన ఎంసీసీ జట్టు పర్యటన, దేశంలో శాసనోల్లంఘన ఉద్యమం సాగుతుండటంతో రద్దయింది. అప్పుడు విజయనగరం మహారాజకుమార్ 'విజ్జీ' సొంత జట్టు కట్టి, జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ అంతటివాళ్లను పిలిపించి, భారత్, సిలోన్‌లలో ఆడించారు. ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లో మొయినుద్దౌలా గోల్డ్ కప్ మొదలైంది. విజ్జీ 'ఫ్రీలూటర్స్', పటియాలా మహారాజు 'రిట్రీవర్స్' అందులో పోటీపడేవి. వెస్టిండీస్ దిగ్గజం లియరీ కాన్‌స్టంటైన్ కూడా 1934లో ఫ్రీలూటర్స్ తరఫున ఆడారు. సొమ్ము సంస్థానానిది, సరదా రాజుగారిది. చూడవచ్చిన జనానికి మంచి ఆట దక్కింది, అంతవరకే. అదే విజ్జీ 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకు కెప్టెన్ అయ్యారు. ఫామ్‌లో ఉన్న లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపించేశారు. సొమ్మున్నవాడి చేతిలో జట్టు పెడితే ఆటగాడి గతి ఏమవుతుందో భారత క్రికెట్ అప్పుడే చూసింది.

2008లో ఐపీఎల్‌తో లెక్క మారింది. డెక్కన్ క్రానికల్ సంస్థ 10.7 కోట్ల డాలర్లు పెట్టి హైదరాబాద్ ఫ్రాంచైజీని కొన్నది. అయితే ఆటగాళ్ల వేలంలో అన్ని జట్లకూ ఒకటే పర్సు, 50 లక్షల డాలర్లు. ఐకాన్ ఆటగాడికి ఆ జట్టులో అత్యధిక ధర పలికినవాడి కంటే 15 శాతం ఎక్కువ ఇవ్వాలన్న నిబంధన ఉండేది. వీవీఎస్ లక్ష్మణ్ ఆ హోదాను తనంతట తాను వదులుకున్నారు, జట్టు చేతిలో కాస్త ఎక్కువ డబ్బు ఉండాలని. ఆ డబ్బుతో ఆండ్రూ సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు తెచ్చారు. ఆ వేలంలో ధోనీ తర్వాత అదే పెద్ద ధర. గిల్‌క్రిస్ట్, రోహిత్ శర్మ, ఆర్పీ సింగ్, అఫ్రిదీ అందరూ వచ్చారు. అయినా 14 మ్యాచ్‌లలో రెండే గెలిచి డెక్కన్ చార్జర్స్ అట్టడుగున నిలిచింది.

మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలో దాదాపు అదే జట్టు. 2009 మే 24న జొహానెస్‌బర్గ్ ఫైనల్లో బెంగళూరును 6 పరుగుల తేడాతో ఓడించింది. ఒక్క ఏడాది ఓపిక పట్టినందుకు దక్కిన కప్పు అది. కానీ ఆ కప్పు ఆనందాన్ని సొంత మైదానంలో పంచుకునే భాగ్యం జనానికి దక్కలేదు. తెలంగాణ ఉద్యమం ఉద్ధృతంగా ఉన్న 2010లో చార్జర్స్ సొంత మ్యాచ్‌లు నాగపూర్, కటక్, నవీ ముంబైలకు తరలిపోయాయి.

2011 వేలానికి ముందు నలుగురు దాకా ఆటగాళ్లను అట్టిపెట్టుకునే వీలుంది. చార్జర్స్ ఒక్కరినీ అట్టిపెట్టుకోలేదు. రోహిత్ 20 లక్షల డాలర్లకు ముంబై వెళ్లాడు. మన ప్రజ్ఞాన్ ఓఝా కూడా మరుసటి ఏడాది ముంబైకే. లక్ష్మణ్ కొచ్చికి. స్టెయిన్, సంగక్కర, కామెరాన్ వైట్, పీటర్సన్ వచ్చారు. పేర్లు చూస్తే ఏ జట్టుకూ తీసిపోవు. రోహిత్ ఆ తర్వాత ముంబైకి కెప్టెన్‌గా అయిదు కప్పులు తెచ్చాడు. ఆ వదులుకోవడాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. 2012 నాటికి మాతృసంస్థ అప్పుల్లో మునిగింది, ఆటగాళ్లకు జీతాలు ఆగాయి, సెప్టెంబర్‌లో బీసీసీఐ ఫ్రాంచైజీని రద్దుచేసింది. ఆ రద్దుపై మధ్యవర్తి 2020లో డెక్కన్ క్రానికల్‌కు 4,800 కోట్ల పరిహారం ప్రకటించడం, మరుసటి ఏడాది బొంబాయి హైకోర్టు దాన్ని కొట్టివేయడం వేరే కథ. అభిమానికి మాత్రం రాత్రికి రాత్రి జట్టే లేకుండా పోయింది.

2012 అక్టోబర్‌లో ఏడాదికి 85.05 కోట్ల చొప్పున సన్ టీవీ నెట్‌వర్క్ హైదరాబాద్‌ను దక్కించుకుంది. చెన్నై యజమానులు, హైదరాబాద్ జట్టు. పేరు సన్‌రైజర్స్. మొదట్లో వీళ్ల ఖర్చులో తెలివి కనిపించింది. పెద్ద పేర్ల వెంట పరుగెత్తకుండా బౌలింగ్ మీద జట్టు కట్టారు. 2016లో డేవిడ్ వార్నర్ 848 పరుగులు, భువనేశ్వర్ 23 వికెట్లు. మే 29న బెంగళూరులోనే బెంగళూరును 8 పరుగులతో ఓడించి కప్పు తెచ్చారు. వార్నర్ మన ఇంటివాడైపోయాడు. 'బుట్టబొమ్మ'కు అతను వేసిన స్టెప్పులు చూడని తెలుగు ఇల్లు తక్కువ.

అతన్ని 2021 మే 1న, సీజన్ మధ్యలో, కెప్టెన్సీ నుంచి తప్పించారు. ఆ తర్వాత తుది జట్టులో నుంచి కూడా. ఆ ఏడాది 14 మ్యాచ్‌లలో 3 గెలుపులు, చిట్టచివరి స్థానం. రషీద్ ఖాన్‌నూ వదులుకున్నారు. అతను 15 కోట్లకు గుజరాత్ టైటాన్స్‌లో చేరి తొలి ఏడాదే కప్పు అందుకున్నాడు. 2022 వేలంలో మనవాళ్లు నికోలస్ పూరన్‌కు 10.75 కోట్లు, రొమారియో షెపర్డ్‌కు 7.75 కోట్లు పెట్టారు. వేలం అయిన కొద్ది రోజులకే సహాయక కోచ్ సైమన్ కటిచ్ తప్పుకున్నారు. ఏడాది తిరగకుండా పూరన్‌నీ, కెప్టెన్ విలియమ్సన్‌నీ వదిలేసి, హ్యారీ బ్రూక్‌కు 13.25 కోట్లు పోశారు. 2023లోనూ చివరి స్థానమే. ఆ జూలైలో 'జైలర్' ఆడియో వేడుకలో రజనీకాంత్, ఆ సినిమా నిర్మాత, సన్ టీవీ అధినేత కళానిధి మారన్‌ను వేదిక మీదే కోరారు, హైదరాబాద్‌కు మంచి ఆటగాళ్లను తీసుకోండి, టీవీలో మీ అమ్మాయి కావ్యను అలా చూడలేకపోతున్నానని. ఆ మాటకు ఇక్కడ చాలామంది చప్పట్లు కొట్టారు.

అమెరికా బేస్‌బాల్‌లో ఈ కోపానికి వేరే రూపం ఉంది. 1975 డిసెంబర్ నాటి మధ్యవర్తి తీర్పుతో కాంట్రాక్టు ముగిసిన ఆటగాడు తనకు నచ్చిన జట్టుకు వెళ్లే స్వేచ్ఛ పొందాడు. వాళ్లనే ఫ్రీ ఏజెంట్లు అంటారు. జీతాలకు అక్కడ గట్టి గరిష్ఠ పరిమితి లేదు. పెట్టే యజమాని పెడతాడు, పెట్టనివాడు చేతులు ముడుచుకుంటాడు. 2023 జూన్ 13న ఓక్లండ్ జట్టు అభిమానులు ఎప్పుడూ ఖాళీగా ఉండే స్టేడియానికి పట్టుబట్టి కదిలారు. 27,759 మంది వచ్చారు. జట్టును అమ్మేయాలని యజమానికి చెబుతూ 'సెల్' అని రాసిన ఆకుపచ్చ చొక్కాలు తొడుక్కున్నారు. అయినా 2024 సీజన్‌తో జట్టు ఆ ఊరు విడిచింది.

మన యజమానులకు బీద అరుపులు అరిచే అవకాశం లేదు. వేలం పర్సు 2022లో 90 కోట్లు, 2025లో 120 కోట్లు, ముంబైకి ఎంతో మనకూ అంతే. అందుకే ఇక్కడి ఫిర్యాదు పిసినారితనం మీద కాదు, పట్టు లేకపోవడం మీద. కొన్నవాణ్ని రెండేళ్లయినా నమ్మకపోవడం మీద.

స్థానికుల సంగతి ఇంకా బాధ. 2017లో సిరాజ్‌ను 2.6 కోట్లకు తీసుకున్నారు, 6 మ్యాచ్‌లలో 10 వికెట్లు తీశాడు, మరుసటి ఏడాది అదే ధరకు బెంగళూరు పట్టుకుపోయింది. 2021 వేలం తర్వాత ఖైరతాబాద్ ఎమ్మెల్యే దానం నాగేందర్, జట్టులో హైదరాబాదీ ఒక్కడూ లేడని, ఇలాగైతే ఇక్కడ మ్యాచ్‌లు జరగనివ్వమని హెచ్చరించారు. మ్యాచ్‌లు ఆపడం నేను ఒప్పుకోను, కానీ ఆ ప్రశ్న న్యాయమైనది. పటాన్‌చెరువాళ్లకు పక్కనే ఉన్న లింగంపల్లిలో ఆట నేర్చుకున్న తిలక్ వర్మ 2022లో 1.7 కోట్లకు ముంబై జట్టులో చేరాడు. సిరాజ్ 2025 ఏప్రిల్ 6న గుజరాత్ చొక్కాతో ఉప్పల్‌లో దిగి 17 పరుగులిచ్చి 4 వికెట్లు తీశాడు. మనవాడి గెలుపుకు చప్పట్లు కొట్టాలా, మన జట్టు ఓటమికి బాధపడాలా తెలియని రాత్రి అది.

ధర్మంగా చెప్పాలంటే వాళ్లు కొంత నేర్చుకున్నారు. 2023 డిసెంబర్‌లో కమిన్స్‌కు 20.5 కోట్లు, ట్రావిస్ హెడ్‌కు 6.8 కోట్లు పెట్టారు. 2024లో 277, ఆపై 287 పరుగుల రికార్డులు కొట్టి ఫైనల్ దాకా వెళ్లారు. 2025కు క్లాసెన్, కమిన్స్, హెడ్, అభిషేక్‌లతో పాటు విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డినీ 75 కోట్లతో నిలుపుకున్నారు. 20 లక్షలకు వచ్చిన నితీశ్ 6 కోట్ల ఆటగాడయ్యాడు. ఈ జట్టు నుంచి జనం కోరుకునేది ఇలాంటివే.

అయితే 2025 సీజన్ వేలంలో, 11 ఏళ్లు ఇక్కడ ఆడిన భువనేశ్వర్‌ను పోనిచ్చారు. 10.75 కోట్లకు బెంగళూరు వెళ్లి, ఆ జట్టు మొట్టమొదటి కప్పులో భాగమయ్యాడు. అతని చోట 10 కోట్లకు తెచ్చిన షమీ 9 మ్యాచ్‌లలో 6 వికెట్లు తీశాడు. సన్‌రైజర్స్ ఆరో స్థానంలో ఆగింది. 2025 నవంబర్‌లో షమీని కూడా లక్నోకు బదిలీ చేశారు.