మంద తిరిగిన దారి

చరిత్ర అనగానే మన పిల్లలు కుమ్రం భీం అంటారు, జోడేఘాట్ అంటారు, 1940 అంటారు. జల్, జంగల్, జమీన్ అన్న మూడు మాటలూ తడుముకోకుండా చెప్తారు. మంచిదే. కానీ అడవిలో జీవాలు మేపినందుకు నిజాం కాలంలో పన్ను వసూలు చేశారు కదా, ఆ పన్ను అంత బరువు ఎందుకైంది అని అడిగితే తరగతిలో జవాబు రాదు. పాఠంలో పన్ను ఉంది, మేసిన జీవం లేదు. ఒక చిన్న గొర్రెల మంద ఏడాది పొడుగునా ఎట్లా బతుకుతుందో తెలిస్తే ఆ పన్ను సంగతి దానంతట అదే అర్థమవుతుంది. అందుకే ఇక్కడ గొర్రె ఈనిన రోజు నుంచి బొచ్చు కత్తిరించే రోజు దాకా చెప్పుకుందాం.

ముందే ఒక మాట. గొర్రె మన ఆదివాసీల ముఖ్యమైన జీవం కాదు. మనకు ఎద్దు, ఆవు, మేక ఎక్కువ. గోండిలో మేకను ఏటి అంటాం. తెలుగువాళ్ల జాతరలో వినబడే ఏటపోతులోని ఏట కూడా ఆ వేరు నుంచి వచ్చిందే. గొర్రెకు మాత్రం మనమూ గొర్రె అన్న మాటే వాడుతాం. గొర్రెను కులవృత్తిగా సాకింది కురుమలు, గొల్లలు. వాళ్ల కథల్లో గొర్రెలు పాముపుట్టలోంచి బయటికి వస్తాయి. మన గూడేల్లో మేకలతో కలిపి పదో పదిహేనో గొర్రెలు సాకిన ఇళ్లు కొన్ని ఉన్నాయి. కింది ఊళ్లలో చేల నిండా పంట ఉన్న నెలల్లో పెద్ద మందలు అడవి దారి పట్టి మన వైపు వచ్చేవి. చిన్న మందైనా పెద్ద మందైనా మేసేది ఒకే అడవి.

తొలకరికి గడ్డి లేస్తుంది. పచ్చి మేత తిని ఒళ్లు చేసిన గొర్రె ఎదకు వస్తుంది. పొట్టేలు దాటిన అయిదు నెలలకు ఈనుతుంది. అంటే ఎక్కువ ఈతలు కార్తీకం, మార్గశిరంలో, సరిగ్గా మన అడవిలో చలి ముదిరే రోజుల్లో పడతాయి. దక్కను నల్ల గొర్రె ఒక ఈతకు ఒక్క పిల్లనే వేస్తుంది. కాబట్టి ఆ ఒక్క పిల్ల పోతే ఆ గొర్రె ఏడాది శ్రమ పోయినట్టే. పిల్ల పడగానే ముక్కు, నోరు తుడవాలి. బొడ్డు కోసిన చోట పసుపు పెట్టేవాళ్లు, ఇప్పుడు టింక్చర్ అయోడిన్ వాడుతున్నాం. గంట లోపల జున్నుపాలు తాగించాలి. తొలిచూలు గొర్రె ఒక్కోసారి పిల్లను దగ్గరికి రానివ్వదు. అప్పుడు పిల్ల ఒంటికి కాస్త ఉప్పు రుద్దితే తల్లి నాకుతుంది, నాకితే వాసన పడుతుంది, వాసన పడితే పాలిస్తుంది. ఈ చిట్కా ఏ శిక్షణలోనూ మాకు నేర్పలేదు, ముసలమ్మల దగ్గరే నేర్చుకున్నాం.

తల్లి మేతకు పోయిన పగలంతా పిల్లలు వెదురు తడికల దొడ్డిలో ఉంటాయి. మూడో వారానికి ఆకు కొరకడం మొదలుపెడతాయి. రేగు కొమ్మలు, తుమ్మ కొమ్మలు తెచ్చి తలకు అందే ఎత్తున కడతాం. మూడు నెలలకు పాలు మరుస్తాయి. అప్పటికి ఎండలు వస్తాయి, చేను పక్క గడ్డి అయిపోతుంది. ఇక తుమ్మకాయలు, రాలిన ఆకు, వాగు ఒడ్డున మిగిలిన పచ్చి, ఇవే గతి. మంద లోపలి అడవికి పోక తప్పదు. నీళ్లు ఉన్న మడుగు ఎక్కడుంటే రాత్రి అక్కడే ఆపుతారు. దారిలో చేను ఉంటే మంద కట్టించుకున్న రైతు గింజలు ఇస్తాడు, ఎరువు అతనికి మిగులుతుంది.

వానలకు ముందు బొచ్చు కత్తిరించాలి. ఇది ఒక రోజు పని కాదు. ముందు మందను మడుగులో దింపి ఒక్కొక్క దాన్నీ కడగాలి. పల్లేరుకాయలు, గడ్డి ముళ్లు ఏరాలి. ఒంటి తడి పూర్తిగా ఆరనివ్వాలి, తడి బొచ్చు కత్తెరకు లొంగదు. తర్వాత బండ మీద పడుకోబెట్టి కాళ్లు కట్టి, పెద్ద కత్తెరతో పొట్ట నుంచి వీపు వైపు కోసుకుంటూ పోతారు. చర్మం తెగితే పసుపు, నూనె రాస్తారు. లేకపోతే ఈగ వాలి పురుగు పడుతుంది. ఒక గొర్రెకు ఒకసారికి అరకిలో కూడా రాదు. వానలు వెళ్లాక ఇంకోసారి కత్తిరిస్తారు. ఆ బొచ్చును ఏకి, దారం వడికి, మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టిస్తే గొంగడి అవుతుంది. వానలో గొడుగు, చలిలో దుప్పటి, కాపలాకు పోతే పరుపు. గంజి పట్టిన గొంగడి మీద వాననీరు జారిపోతుందే తప్ప తొందరగా లోపలికి దిగదు.

కత్తిరింపు అయ్యాక మొదటి వాన పడితే మందవాడి గుండె ఆగుతుంది. లేత గడ్డి ఎగబడి తిన్న గొర్రెలకు చిటుకు రోగం వస్తుంది. పొద్దున బాగున్న జీవం గంతేసి పడి చచ్చిపోతుంది. దానికి టీకా ఉంది, వానలకు ముందే వేయించాలి. ఒకప్పుడు మందును మెట్టకు తోలి, ఎండుమేతతో కడుపు నింపాకే పచ్చిక మీద వదిలేవాళ్లు.

ఇప్పుడు పన్ను దగ్గరికి వద్దాం. మంద చేతికి రొక్కం వచ్చేది ఏడాదికి రెండు మూడు సార్లే. పొట్టేలు పిల్ల అమ్మినప్పుడు, బొచ్చు అమ్మినప్పుడు. పన్ను మాత్రం తలకు ఇంత అని లెక్కగట్టి రొక్కంగా అడిగేవాళ్లు. నరికిన కూపుల్లో మొక్క లేచేదాకా మేత బంద్. వాగు, మడుగు ఆ కూపు లోపలే ఉంటే మంద ఎక్కడికి పోవాలి? చూడి గొర్రెకు పర్మిట్ దొరికేదాకా ఈనకు అని చెప్పగలమా?

ఈ తగవు మన దగ్గరే పుట్టింది కాదు. కాటమరాజు కథలో నెల్లూరు రాజుకూ గొల్లలకూ యుద్ధం వచ్చింది పుల్లరి మీదనే. అది ఆవుల మంద కథ. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక అదే మాట సర్కారు కాగితాల్లోకి ఎక్కింది. 1921లో పలనాటి రైతులు అడవిలో పశువులు మేపడానికి పుల్లరి కట్టం అన్నారు. వాళ్లను నడిపిన కన్నెగంటి హనుమంతును 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో కాల్చి చంపారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు నిండకముందే మన జోడేఘాట్.

మంద తగ్గడానికి పన్ను ఒక్కటే కారణమని మేము అనడం లేదు. బొచ్చుకు ధర పడిపోయింది. మిల్లు దుప్పటి చవకగా వచ్చింది. మాంసానికి గిరాకీ పెరిగి, నల్ల గొర్రెకు బదులు కత్తిరించే బొచ్చు లేని నెల్లూరు జాతి పొట్టేళ్లు దిగాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల కురుమలకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచినప్పుడు కూడా గొంగడి ఎవరి లెక్కలోనూ లేదు. కత్తిరించిన కూలి కూడా రాక బొచ్చు పారేసే చోట్లు ఇప్పుడు ఉన్నాయి.

అయినా ఈ లెక్కంతా పాతబడిపోలేదు. 2006 అటవీ హక్కుల చట్టం మేత హక్కును కూడా గుర్తించింది, తిరుగుతూ మేపుకునే వాళ్లకు కూడా. మన ఊళ్లలో పోడు పట్టా గురించి మాట్లాడినంతగా దీని గురించి మాట్లాడం. సామూహిక హక్కుల కోసం రాసే బి ఫారంలో మేతకు ప్రత్యేకంగా చోటుంది. సాక్ష్యంగా పాత మేత భూములు, జీవాలు నీళ్లు తాగిన చోట్లు చూపవచ్చని నియమాల్లోనే ఉంది. పెద్దల మాటను రాసి పెడితే అదీ సాక్ష్యమే. మంద ఎక్కడ ఈనింది, ఎండాకాలం ఏ మడుగు దగ్గర ఆగింది, బొచ్చు ఏ బండ మీద కత్తిరించారు, ఇవి గ్రామసభ ముందు పెట్టదగిన మాటలు. చెప్పగలిగిన వాళ్లు మాత్రం ప్రతి గూడెంలోనూ ఒకరిద్దరే మిగిలారు.

కిందటి ఎండాకాలం మేము పెద్ద తరగతి పిల్లలను తీసుకుని ఒక తాత వెంట ఆ దారి నడిచాం. రెండు మడుగులు ఎండిపోయాయి. గొర్రెలను కడిగే మూడోది ఇప్పుడు ఒక కంచె లోపల ఉంది. తాత బయటే నిలబడి, కత్తిరించే బండ ఏదో చేత్తో చూపించాడు. పిల్లలు దాన్ని పటంలో గీసి, పక్కన ఆయన పేరు, తేదీ రాశారు.