చలిదినములలో బాలబాలికల ఈత

గోదావరిఖని యను పేరులోనే నదియు గనియు కలసియున్నవి. ఇచ్చట పుట్టిన బిడ్డకు తండ్రి దిగు గని యొకవైపు, తాను దిగగోరు నీరు మఱొకవైపు. గనిలో దిగువానికి ముందుగా శిక్షణ యీయవలెనని 1966 నాటి నియమములు శాసించుచున్నవి. నీట దిగు బిడ్డకు అట్టి నియమమేదియు లేదు.

ఈతను బడిలో నిర్బంధవిద్యగా నేర్పవలయునని కొందఱనుచున్నారు. చలిదినములలో పసివారిని ఆరుబయట నీటిలో దింపుట క్రౌర్యమని మఱికొందఱు. మన ప్రాంతమున ఈ రెండు మాటలును ఒకదానితో నొకటి ముడిపడియున్నవి. ఏలయనగా బడులు తెఱచునది జూన్ మాసమున. అప్పటినుండి అక్టోబరు వఱకు గోదావరి ఎఱ్ఱనీటితో పొంగుచుండును. ఫాల్గుణ చైత్రములు పరీక్షలకు పోవును. ఎండలు 45 డిగ్రీలు దాటునప్పటికి బడులకు తాళములు పడును. ఇక మిగిలినవి కార్తీకమునుండి మాఘము వఱకు గల చలిదినములే. బడి ఈత నేర్పదలచినచో ఈ చలిని తప్పించుకొను దారి కానరాదు.

చన్నీరు పిల్లలను రాటుదేల్చునను నమ్మకము ప్రాచీనమైనది. ఆంగ్లతత్త్వవేత్త లాక్ 1693లో ప్రకటించిన విద్యాగ్రంథమున, బిడ్డల పాదములను ప్రతిదినము చన్నీట కడుగవలెననియు, నీరు చొచ్చునంత పలుచని చెప్పులు తొడుగవలెననియు వ్రాసినాడు. ఈతయు నేర్పవలెనన్నాడు. మనవారును కార్తీకస్నానమును, మాఘస్నానమును ఉదాహరింతురు. తెల్లవాఱకముందే నదిలో మునిగిన అవ్వకు లేని భయము ఎనిమిదేండ్ల బాలునకేల యని వారి వాదము. కాని అవ్వ మూడు మునకలు మునిగి, గట్టెక్కి, పొడిబట్ట కట్టుకొని, దీపము వెలిగించి యింటికి పోవును. ఈతపాఠమన్ననో అరగంట నీటిలో నుండుట. ఆమె తానుగా దిగినది, వీనిని దింపుచున్నారు. ఈ రెండింటిని ఒక త్రాసున తూచరాదు.

ఈతను నిర్బంధము చేసిన దేశములు ఏమి చేసినవో చూతము. ఐస్‌లాండు 1940లో బడిపిల్లలకు ఈతను తప్పనిసరి చేసినది. పేరులోనే మంచు గల దేశమది! అయినను అచ్చట నేలలోనుండి ఉబుకు వేడినీటిని కొలనులలోనికి మళ్ళించి, అందులో నేర్పిరి. జపానుకథ దుఃఖకరము. 1955 మే 11న మంచుతెరలో షిఉన్ మారు అను ఓడ మఱొక ఓడను ఢీకొని మునుగగా 168 మంది మరణించిరి; అందు నూర్గురు విహారయాత్రకు పోవుచున్న బడిపిల్లలు. అదే యేడు జూలై 28న త్సు పట్టణమున బడివారే ఈత నేర్పుటకై సముద్రమునకు తీసికొనిపోయిన బాలికలలో 36 మంది మునిగిపోయిరి. ఈత రాక కొందఱు, ఈత నేర్చుకొనుటకు పోయి కొందఱు. జపానువారు ఈతను మానలేదు. సముద్రమును మాని, బడి ఆవరణలలోనే కొలనులు కట్టించిరి. అందులోను వేసవిలోనే నేర్పిరి. ఈ సంగతి మన నిర్బంధవాదులు సాధారణముగా చెప్పరు.

నీరు దేహమునుండి వేడిమిని గాలికంటె సుమారు 25 రెట్లు వేగముగా లాగుకొనును. 1973లో స్లోన్, కీటింజ్ అను శాస్త్రజ్ఞులు ఈత బాగుగా వచ్చిన పిల్లలనే సుమారు 20 డిగ్రీల నీటిలో ఈదించి పరీక్షించిరి. చర్మము క్రింద క్రొవ్వు తక్కువగానున్న చిన్నపిల్లల దేహములే త్వరగా చల్లబడినవి. మన కార్మికవాడల పిల్లలలో బక్కవారెందఱో వేఱుగ చెప్పనేల? చలి వారిని రాటుదేల్చదు. వారిలోనున్న కొలదిపాటి వేడిని కాజేయును.

అట్లని చలిదినములన్నియు చలినీరు కావు. మన తాతలు ఈత నేర్చినది మోటబావులలో. నడుమునకు బెండ్లుగాని ఎండిన ఆనపకాయ బుఱ్ఱగాని కట్టి, త్రాడు చేతబట్టుకొని పెద్దవాడు గట్టున నిలుచువాడు. లోతుబావిలోని ఊటనీరు ఏడాది పొడుగున ఇంచుమించు ఒకే వేడిమితో నుండును. అందుచేతనే డిసెంబరు ఉదయమున బావిపై ఆవిరి లేచును. నదిలోని నీరు రాత్రిచలికి చల్లబడినప్పుడు బావినీరు వెచ్చగా తోచుట పల్లెవారికి తెలిసినదే. ఆ బావిలోనైనను ఈదినవారు మగపిల్లలే. ఆడుపిల్లకు ఈత యెవరు నేర్పిరి? బిందెతో రేవునకు పోవునది ఆమెయే గదా.

బోరులు వచ్చి బావులు పూడినవి. 1975నుండి రామగుండము ప్రాంతమున ఉపరితలగనులు త్రవ్వుచున్నారు. అట్టి గోతులలో నీరు నిలిచినచో గట్టు నిట్టనిలువుగా నుండును. దిగినవాడు కాలూనుటకు చోటు దొరకదు. నదియు మునుపటి నది కాదు. వేసవిలో మోకాటిలోతు పాయలుగా పాఱిన చోట, 2019లో సుందిళ్ళ బ్యారేజి నీరు నిలిచి లోతయ్యెను. 2023 అక్టోబరులో మేడిగడ్డ స్తంభములు కుంగిన పిమ్మట ఆ నీటిని వదలివేసిరి. నిన్న ఈదిన రేవు నేడెంత లోతో పెద్దలకే తెలియనప్పుడు పిల్లలకెట్లు తెలియును? లోకమంతట 2021లో సుమారు మూడులక్షలమంది నీట మునిగి మరణించిరని ప్రపంచారోగ్యసంస్థ లెక్క.

కావున ఈత నేర్పుట నిర్బంధము కావలెననియే నా యభిప్రాయము. బాలికలకు మఱింత ముఖ్యముగా. కాని నిర్బంధము బడికేగాని బిడ్డకు కాదు. నేర్పుటకు తగిన నీరు, తగిన వేళ చూపుట బడి విధి. తెల్లవాఱుజామున 15 డిగ్రీలకు దిగిన చలి, ఎండ గల మధ్యాహ్నమునకు 30కి చేరువగును. ఆ రెండుగంటలును మనకు చాలును. నదిలో కాదు, అడుగు కనబడు కొలనులో. మొదట పది నిమిషములు. పెదవులు నీలిబారిన బిడ్డను, పండ్లు కొట్టుకొను బిడ్డను ఆ క్షణమే పైకి తీయవలెను. దగ్గుతో వచ్చినవానిని దింపరాదు. బొగ్గుదుమ్ము గల ఊరిలో దగ్గును సాకుగా భావించుట తగదు. భయపడినవానిని త్రోయరాదు, వానికి మార్కులు తగ్గింపరాదు.

ఇంకొక నియమము. శాలువ కప్పుకొని గట్టున నిలిచి ఈల యూదు ఉపాధ్యాయునకు నీరెంత చల్లగానున్నదో తెలియదు. పిల్లలకంటె ముందుగా ఆయనయే నీట దిగి, వారందఱును గట్టెక్కిన పిమ్మట పైకి రావలెను.