విజిల్ ఊదని మాస్టార్లు

పదకొండేళ్ల పిల్లవాడు పొయ్యి మీద పప్పు మాడ్చేస్తున్నాడని తెలిసీ చేతులు కట్టుకుని నిలబడటం మామూలు పంతులుగారి వల్ల అయ్యే పని కాదు. మంట తగ్గించరా అని కేకేయాలనిపిస్తుంది. కాస్త ఓపిక పడితే ఆ వాసన పట్రోల్ లీడర్‌కే, అంటే ఆ పిల్లల చిన్న జట్టు పెద్దకే, తగులుతుంది. వాడే పరుగెత్తి గిన్నె దించుతాడు. రాత్రికి పట్రోల్ మొత్తం ఆ మాడు పప్పే తిని, రేపు పొయ్యి దగ్గర ఎవరుండాలో వాళ్లలో వాళ్లే తేల్చుకుంటారు. ఆ కాస్త ఓపిక ఉన్నవాడు స్కౌట్ మాస్టర్. లేనివాడు యూనిఫాం వేసుకున్న డ్రిల్లు మాస్టారు. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 75 ఏళ్ల పండగలో జంబోరీల గురించీ పురస్కారాల గురించీ చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. ఈ వ్యాసం పొయ్యికి పది అడుగుల దూరంలో నిలబడ్డ ఆ మనిషి గురించి.

ఆ మాటకొస్తే స్కౌట్ ఉద్యమంలోకి పెద్దవాళ్లు వచ్చిందే ఆలస్యంగా. 1907 ఆగస్టులో ఇంగ్లండు దక్షిణ తీరంలోని బ్రౌన్‌సీ ద్వీపంలో సైనికాధికారి రాబర్ట్ బేడెన్ పావెల్ తొలి క్యాంపు పెట్టాడు. వచ్చిన ఇరవై మంది దాకా కుర్రాళ్లను నాలుగు పట్రోళ్లుగా విడదీసి, ఒక్కోదానికి వాళ్లలోంచే ఒకడిని పెద్దగా నిలబెట్టాడు. మరుసటి ఏడాది 'స్కౌటింగ్ ఫర్ బాయ్స్' విడివిడి భాగాలుగా వెలువడింది. చదివిన కుర్రాళ్లు ఎవరినీ అడక్కుండా వీధివీధినా పట్రోళ్లు కట్టేసుకున్నారు. అది అయ్యాక, తమకో మాస్టారు కావాలని ఊళ్లో పెద్దవాళ్ల గుమ్మాలెక్కారు. పిల్లలు ముందు, మాస్టారు తర్వాత. మన బడుల్లో ఈ వరస ఎక్కడా కనిపించదు.

భారతదేశంలో కథ ఇంకోలా మొదలైంది. 1909లో బెంగళూరులో కెప్టెన్ టి.హెచ్. బేకర్ తొలి స్కౌట్ దళం (ట్రూప్) పెట్టాడు. 1911లో జబల్‌పూర్‌లో అమ్మాయిల కోసం తొలి గైడ్ కంపెనీ వచ్చింది. రెండూ యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ పిల్లలకే. నల్ల పిల్లలకు దారులు కనిపెట్టడం, గుర్తులు చదవడం, జట్టుగా కదలడం నేర్పితే రేపు వాళ్లు విప్లవకారులవుతారని దొరలకు భయం. ఆ భయం పూర్తిగా అర్థం లేనిదేం కాదు.

వద్దన్న పనిని మనవాళ్లు సొంతంగా మొదలుపెట్టారు. 1913లో షాజహాన్‌పూర్‌లో పండిత శ్రీరామ్ బాజ్‌పేయి భారతీయ బాలురతో ట్రూప్ నడిపాడు. కొద్ది ఏళ్లకే అలహాబాద్‌లో మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ ఆయనతో కలిసి సేవా సమితి స్కౌట్లను తయారు చేశారు. మద్రాసులో అనీ బిసెంట్, జార్జ్ అరండేల్ ఇండియన్ బాయ్ స్కౌట్స్ సంఘం పెట్టారు. కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే కాబట్టి తెలుగు ప్రాంతానికి దగ్గరి గడప అదే. దొరల టోపీకి బదులు తలపాగా చుట్టిన స్కౌట్లు వాళ్లు. హోమ్ రూల్ ఉద్యమం నడిపినందుకు 1917లో ప్రభుత్వ నిర్బంధం అనుభవించిన బిసెంట్‌కే 1932లో స్కౌటింగ్ అత్యున్నత గౌరవం సిల్వర్ వూల్ఫ్ దక్కింది. చరిత్రకు ఇలాంటి చమత్కారాలు కొత్త కాదు.

1921లో బేడెన్ పావెల్ వచ్చినప్పుడు కొన్ని సంఘాలు ఒక్కటయ్యాయి, సేవా సమితి మాత్రం విడిగానే నడిచింది. 1937లో ఢిల్లీలో జరిగిన జంబోరీకి ఆయన మళ్లీ వచ్చాడు. ఆ తర్వాత భారతీయుల గుణగణాల గురించి ఆయన అన్న మాటలు ఇక్కడ చాలామందికి గుచ్చుకున్నాయి. 1938లో హిందుస్తాన్ స్కౌట్ అసోసియేషన్ పుట్టడం వెనుక ఆ నొప్పి ఉంది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఊరికో జెండా, జెండాకో ప్రతిజ్ఞ. నెహ్రూ, విద్యామంత్రి మౌలానా ఆజాద్ పూనుకుని, కుంజ్రూ లాంటి పాతకాపులు సర్దుబాటు చేసుకుని, 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా ఒక గొడుగు కిందికి వచ్చారు. 1951 ఆగస్టు 15న గైడ్‌లు కూడా చేరారు. అబ్బాయిలదీ అమ్మాయిలదీ ఒకే సంస్థగా నడిచే ఏర్పాటు అప్పట్లో చాలా దేశాల్లో లేదు.

కొత్త సంస్థ తన మొదటి జాతీయ జంబోరీకి ఎంచుకున్న ఊరు హైదరాబాద్. 1953 అది. అదే ఏడాది అక్టోబరులో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్ పుట్టడానికి ఇంకా మూడేళ్లుంది. దేశం నలుమూలల నుంచి వచ్చిన పిల్లలు డేరాలు వేసిన ఆ నేల పేరు అప్పటికింకా హైదరాబాద్ స్టేట్.

ఇవన్నీ పుస్తకాల్లో దొరికే సంగతులే. పుస్తకాలు ముక్తసరిగా వదిలేసేది మాస్టారు తయారయ్యే తీరును.

బేడెన్ పావెల్‌కి మొదట్లోనే ఒక చిక్కు ఎదురైంది. పిల్లలు దొరుకుతున్నారు, వాళ్లను చెడగొట్టని పెద్దవాళ్లు దొరకడం లేదు. 1919లో లండన్ శివార్లలోని గిల్వెల్ పార్క్‌లో పెద్దవాళ్లకు శిక్షణ మొదలుపెట్టాడు. పూర్తి చేసినవాళ్లకు సన్నటి తోలు తాడుకు గుచ్చిన రెండు చెక్క పూసలు ఇచ్చారు. మొదటి పూసలు ఆయన దక్షిణాఫ్రికా నుంచి తెచ్చుకున్న, జులూ రాజు డినిజులుదని చెప్పే హారంలోవి. సైన్యం మనిషే అయినా పతకం కాకుండా రెండు చెక్కముక్కలు ఎంచుకోవడంలో ఆయన తెలివి ఉంది. మన దేశంలో ఆ అర్హత పేరు హిమాలయ వుడ్ బ్యాడ్జ్. బేసిక్ కోర్సు, అడ్వాన్స్‌డ్ కోర్సు దాటుకుని అక్కడికి చేరాలి. మధ్యప్రదేశ్‌లో సాత్పురా కొండల మీది పచ్‌మఢీలో ఉన్న జాతీయ శిక్షణ కేంద్రం పేరు చెబితే పాత స్కౌట్ మాస్టర్ల గొంతులో ఇప్పటికీ కాశీకి వెళ్లొచ్చిన ధోరణి వినిపిస్తుంది.

ఈ కోర్సుల గుట్టంతా ఒక్కచోట ఉంది. అక్కడ పెద్దవాళ్లకు పాఠాలు చెప్పరు, వాళ్లను పిల్లల్ని చేస్తారు. ఇరవై ఏళ్లుగా బెత్తం పట్టిన లెక్కల మాస్టారు, మోకాళ్ల నొప్పులున్న ప్రధానోపాధ్యాయుడు, నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన కుర్రాడు ఒకే పట్రోల్‌లో పడతారు. పట్రోల్‌కి ఏ నెమలి పేరో పులి పేరో ఉంటుంది, గైడ్ కెప్టెన్ల పట్రోళ్లకైతే మల్లె, కలువ. రోజుకొకరు లీడర్. ఆ వేళ లీడర్ కుర్రాడైతే ప్రధానోపాధ్యాయుడు నీళ్లు మోయాల్సిందే. తెల్లారకముందే లేచి బేడెన్ పావెల్ పెట్టిన ఆరు వ్యాయామాలు చేయాలి. డేరా ముందు ముగ్గు గీసినట్టు శుభ్రం చేయాలి. వెదురుబొంగులను తాడుతో బిగించి చెప్పుల స్టాండు, గిన్నెల అర, బట్టలారేసే దండెం కట్టాలి. మేకు వాడకూడదు. క్లోవ్ హిచ్ ముడితో మొదలుపెట్టి, చుట్టు చుట్టూ బిగించి, మళ్లీ క్లోవ్ హిచ్‌తో ముగించాలి. సరిగ్గా కట్టారో లేదో చెప్పడానికి పరీక్షాధికారి అక్కర్లేదు, స్టాండు మీద బిందె పెడితే అదే చెబుతుంది.

రాత్రి క్యాంప్‌ఫైర్ దగ్గర ఇదే లెక్కల మాస్టారు కోతి వేషం వేసి గెంతాలి. చాలామందికి కష్టమైన పరీక్ష అదే. రీఫ్ నాట్ ఎవరైనా నేర్చుకుంటారు. నలుగురూ నవ్వుతుంటే సిగ్గుపడకుండా నిలబడటం ఉద్యోగంలో పెద్దవాడయ్యేకొద్దీ మరిచిపోయే విద్య.

తిరిగొచ్చాక అసలు పని. పదేళ్లలోపు కబ్‌లు, బుల్‌బుల్‌లు, ఆ పైన స్కౌట్లు, గైడ్‌లు, తర్వాత 25 ఏళ్ల దాకా రోవర్లు, రేంజర్లు. ఒక్కో వయసుకు ఒక్కో రకం మాస్టారు కావాలి. కబ్‌ల పెద్దను పిల్లలు సార్ అనరు, అకేలా అంటారు. కిప్లింగ్ 'జంగిల్ బుక్'లోని తోడేళ్ల నాయకుడి పేరది. కబ్‌లకు కథ కావాలి, ఆట కావాలి, ప్రతి ఐదు నిమిషాలకూ కొత్తది కావాలి. స్కౌట్ల దగ్గర అదే మనిషి అంత హడావిడి చేస్తే ట్రూప్ పాడవుతుంది. అక్కడ ఆయన పాఠం చెప్పాల్సింది పట్రోల్ లీడర్లకు. మిగతా ఆరేడుగురికి నేర్పేది వాళ్లు. క్యాంపు ఎక్కడ, ఖర్చెంత, తగవు పెట్టుకున్నవాడిని ఏం చేయాలి అన్నవి కోర్ట్ ఆఫ్ ఆనర్ అనే తమ సభలో పట్రోల్ లీడర్లు తేలుస్తారు. స్కౌట్ మాస్టర్ అక్కడ సలహాదారు మాత్రమే. పన్నెండేళ్ల పిల్లల తీర్పు ఒక్కోసారి మరీ కఠినంగా ఉంటుంది. అప్పుడు మాత్రం నోరు విప్పాలి. పిల్లల ప్రాణానికీ గౌరవానికీ ముప్పు వచ్చే చోట ఓపికకు చోటు లేదు. చెరువు గట్టున, రోడ్డు దాటేచోట, పొయ్యి దగ్గర కిరసనాయిలు డబ్బా కనిపించినప్పుడు విజిల్ గట్టిగానే మోగాలి.

మన దగ్గర ఒక ప్రత్యేక ఇబ్బంది ఉంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు అక్కడి ట్రూపుల్లో చేరి ఈగిల్ స్కౌట్ దాకా వెళ్తుంటారు. వాళ్లను నడిపేది ఎక్కువగా తల్లిదండ్రులే. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చున్న నాన్న శనివారం డేరా మోస్తాడు. ఏ కార్యక్రమంలోనైనా కనీసం ఇద్దరు పెద్దవాళ్లు ఉండి తీరాలన్నది అక్కడి నియమం. ఇక్కడ స్కౌటింగ్ ఎక్కువగా బడిలోపల పెరిగింది. మాస్టారే స్కౌట్ మాస్టర్. ఉదయం తొమ్మిదిన్నరకు హోంవర్కు చేయలేదని నిలబెట్టిన మనిషే, సాయంత్రం నాలుగున్నరకు "నువ్వే నిర్ణయించు నాన్నా" అంటే పిల్లవాడు నమ్ముతాడా? నమ్మించగలిగినవాళ్లు ఉన్నారు. వాళ్ల ట్రూపులను చూస్తే తెలుస్తుంది: మాస్టారు సెలవు పెట్టిన రోజు కూడా జెండా ఎగురుతుంది.

బడి పెట్టిన మరో మెలిక సర్టిఫికెట్. ప్రవేశ్‌తో మొదలై మూడు సోపానాలు ఎక్కి, రాజ్య పురస్కార్ దాటి, రాష్ట్రపతి స్కౌట్ దాకా వెళ్లే మెట్లు పిల్లలకు మంచి ఊపునిస్తాయి. రైల్వేలు స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటాలో ఉద్యోగాలిస్తాయి. దక్షిణ మధ్య రైల్వే సహా రైల్వే జోన్లకు ఈ సంస్థలో రాష్ట్రాలతో సమానంగా సొంత శాఖలున్నాయి. ఇందులో తప్పేమీ లేదు. అయితే కాగితం మీద కన్నేసి వచ్చిన తండ్రి "మా వాడికి ఈ ఏడాదే పూర్తవుతుందా?" అని అడిగినప్పుడు, తాళ్లు సరిగ్గా కట్టడం రాని కుర్రాడి పుస్తకంలో సంతకం పెట్టకుండా ఉండటానికి మాస్టారికి మొండితనం కావాలి. పెద్దమనుషుల సభలకు గుమ్మం దగ్గర వరుసగా నిలబెట్టడానికి పిల్లలను పంపమని వచ్చే కబుర్లకు కాదనడానికి కూడా అదే మొండితనం. స్కౌట్లు ఉన్నది స్వాగత తోరణాలకు కాదు.

వాళ్లు నిజంగా పనికొచ్చే చోటు జనం. తిరుమల బ్రహ్మోత్సవాల్లో, పుష్కర ఘాట్ల దగ్గర, వేసవిలో రైల్వే స్టేషన్లలో మంచినీళ్లు అందించేచోట ఆ స్కార్ఫ్‌లు కనిపిస్తాయి. మెడలో చుట్టిన ఆ గుడ్డ విప్పితే త్రికోణపు కట్టు, విరిగిన చేతికి ఊయల. చూసేవాళ్లకు దారి చూపిస్తున్న పిల్లలే కనిపిస్తారు. పిల్లలు రెండు గంటలకోసారి మారేలా జాబితా రాసినవాడు, ఎండలో నిలబడ్డవాళ్లు అన్నం తిన్నారో లేదో చూసినవాడు, తప్పిపోయిన ముసలమ్మను పోలీసు కేంద్రానికి చేర్చే పిల్లవాడి వెంట ఇంకొకడిని పంపినవాడు ఎక్కడో వెనకాల ఉంటాడు. రాత్రి చివరి పిల్లవాడు ఇంటికి చేరానని ఫోన్ చేసేదాకా ఆయన డ్యూటీ ముగియదు. దానికి జీతం లేదు.

గైడ్ కెప్టెన్ల పని ఇంతకు రెట్టింపు. అమ్మాయిలను రెండు రాత్రులు క్యాంపుకు తీసుకెళ్లాలంటే ముందు ఇంటింటికీ వెళ్లి అమ్మమ్మను, నాన్నను, ఒక్కోచోట మేనమామను ఒప్పించాలి. అక్కడ స్నానాలకు చాటు ఉందా, రాత్రి కాపలా ఎవరు, నెలసరి వస్తే ఏం చేస్తారు అన్న ప్రశ్నలన్నిటికీ ముందే జవాబు ఉండాలి. పుణేలో 1966 నుంచి ప్రపంచ గైడ్‌ల కేంద్రం 'సంగం' నడుస్తోంది. ఊరి బడి నుంచి ఒక అమ్మాయి అక్కడిదాకా వెళ్లిందంటే, అంతకు కొన్నేళ్ల ముందు ఎవరో టీచర్ ఆ ఇంటి అరుగు మీద కూర్చుని టీ తాగి ఉంటుంది.

2025 జనవరి చివర తమిళనాడులోని మనప్పారైలో వజ్రోత్సవ జంబోరీ జరిగింది. అంత పెద్ద పండగ చేసుకోగల సంస్థ తేల్చుకోవాల్సిన లెక్క మాత్రం చాలా చిన్నది: బదిలీలు. పదిహేనేళ్లు ఒక బడిలో ట్రూప్‌ను పెంచిన మాస్టారు బదిలీ మీద వెళ్తే, బీరువాలో తాళ్లు, డేరాలు, లాగ్ పుస్తకం మిగులుతాయి, ట్రూప్ మిగలదు. దీనికి మందు సంస్థ నియమావళిలోనే ఉంది. ప్రతి యూనిట్‌కీ అసిస్టెంట్ ఉండాలి, రోవర్లు, రేంజర్లు వయసు వచ్చాక ఆ బాధ్యతల్లోకి రావచ్చు, బడితో సంబంధం లేని ఓపెన్ యూనిట్లు ఊళ్లో, కాలనీలో పెట్టుకోవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల్లో జిల్లా శాఖలు వచ్చే జూన్‌కి ముందే చూసుకోవాల్సింది కొత్త యూనిట్ల సంఖ్య కాదు. ఇప్పుడున్న ఒక్కో మాస్టారి పక్కన బేసిక్ కోర్సు పూర్తి చేసిన రెండో మనిషి ఎవరో, ఆ పేరు రిజిస్టర్‌లో రాసుందో లేదో.