కథలోంచి తప్పించిన హతుడు

ఫిల్మ్ నువార్ అనగానే మనకు వానలో తడిసిన వీధి, టోపీ పెట్టుకున్న డిటెక్టివ్, అతణ్ణి వలలో వేసుకునే వగలాడి గుర్తుకొస్తారు. 1940ల నాటి ఆ నలుపు తెలుపు నేరచిత్రాల్లో మగతనం ఏమిటి, ఆడతనం ఏమిటి అన్న చర్చ ఎక్కువగా ఆ ఇద్దరి చుట్టూనే తిరుగుతుంది. ఆ జంటకు బయట నిలబడ్డ మూడో మనిషి గతి తెలియాలంటే, సినిమాలతోపాటు వాటికి ఆధారమైన నవలలనూ చదవాలి.

రిచర్డ్ బ్రూక్స్ నవల 'ది బ్రిక్ ఫాక్స్‌హోల్' 1945లో వెలువడింది. దాని ఆధారంగా ఎడ్వర్డ్ డిమిట్రిక్ 1947లో 'క్రాస్‌ఫైర్' తీశాడు. రెండింటిలోనూ హంతకుడు సైనికుడే, కారణం ద్వేషమే. మారింది హతుడు. నవలలో అతడు స్వలింగ ప్రేమికుడు, సినిమాలో యూదుడు.

మార్పుకు మూలం హాలీవుడ్ తనకు తానే విధించుకున్న ప్రొడక్షన్ కోడ్. 1930లో రూపొంది, 1934 నుంచి కఠినంగా అమలైన ఆ నియమావళి, తాను వికృతి అని ముద్రవేసిన ప్రేమను చూపడాన్నే కాదు, సూచించడాన్నీ నిషేధించింది.

అయినా సూచన ఆగలేదు. డాషియల్ హామెట్ 'ది మాల్టీస్ ఫాల్కన్' (1930) నవలలో జోయెల్ కైరో ఎటువంటివాడో డిటెక్టివ్ సెక్రటరీ నోటనే బయటపడుతుంది. 1941లో జాన్ హ్యూస్టన్ తీసిన చిత్రంలో ఆ మాట లేదు. దానికి బదులు గార్డీనియా పూల పరిమళం అంటిన కార్డు, పెదవుల దగ్గర ఆడించే చేతికర్ర ఉన్నాయి. హంఫ్రీ బోగార్ట్ పోషించిన శామ్ స్పేడ్ అతణ్ణి చెంపలు వాయించినప్పుడు, స్పేడ్ మగతనానికి కొలబద్ద కైరోయే అవుతాడు.

రెండు చిత్రాలనూ కలిపి చూస్తే నిషేధం పనిచేసిన తీరు అర్థమవుతుంది. నవ్వు పుట్టించే జిత్తులమారి నేరస్థుడిగా ఆ మనిషి దొడ్డిదారిన తెరమీదికి రాగలిగాడు. మన జాలికి పాత్రుడైన హతుడిగా మాత్రం రాలేకపోయాడు.

'క్రాస్‌ఫైర్' విలువను నేను తక్కువ చేయడం లేదు. యుద్ధం ముగిసిన రెండేళ్లకే, యూదులపై ద్వేషం అమెరికాలోనూ ఉందని అది సూటిగా చెప్పింది. ఉత్తమ చిత్రంతో సహా ఐదు ఆస్కార్ నామినేషన్లు పొందింది. అందులో పోలీసు అధికారి ఫిన్లే, ఐర్లాండ్ నుంచి వలస వచ్చిన కాథలిక్ అయిన తన తాతను ద్వేషమే బలిగొన్న వైనం వివరిస్తాడు. గొప్ప సన్నివేశం. కానీ ఎవరి చావు చుట్టూ ఈ కథ మొదట అల్లుకున్నదో, అతడికి మాత్రం ఆ బాధితుల వరుసలో చోటు లేదు.

వైద్యుడిగా ఇక్కడ నాకు తలదించుకోవలసిన సంగతి ఒకటుంది. సినిమా మౌనం వహించిన రోజుల్లో మా వృత్తి మాట్లాడింది, తప్పు మాట్లాడింది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1952లో వెలువరించిన తొలి మానసిక రుగ్మతల పట్టికలో స్వలింగ ప్రేమను చేర్చింది. హాలీవుడ్ తన నిషేధాన్ని 1961లో సడలించింది. మా పట్టికలోంచి ఆ రోగం పేరు తొలగడానికి 1973 దాకా ఆగవలసి వచ్చింది.

సెన్సార్ కత్తెరను నిందించడం మనకు సులువు. ఆ కత్తెర కంటే పన్నెండేళ్లు ఆలస్యంగా మారినవాళ్లం మేము. ఈ సినిమా చూసే మిత్రులు ఆ నవలను కూడా చదవాలని నా కోరిక. హతుడెవరో తెలుసుకోవడం పాఠకుడిగా మనం చెల్లించగలిగిన చిన్న బాకీ.