పరిమిత ముద్రలు, అపరిమిత విద్య

శంషాబాదునందలి విమానాశ్రయము 2008వ సంవత్సరము మార్చి నెలలో తెఱవబడినది. అమెరికానుండి ఆ త్రోవను వచ్చు బంధువుల సామానులలో నొక్కొకప్పుడు పొడవైన కాగితపు గొట్టము కాన్పించును. అందు చుట్టియుంచిన పటము క్రింద పెన్సిలుతో నొక భిన్నాంకమును, ప్రక్కనే చిత్రకారుని చేవ్రాలును ఉండును. 12/50 అని యున్నచో ఏబది ప్రతులలో నిది పండ్రెండవదని యర్థము. "ఇది అచ్చుబొమ్మయే కదా, దీనికింత వెల యేల?" యని యింటి పెద్దలు ప్రశ్నించుట సహజము. ప్రశ్న మంచిదే. దానికి తగిన సమాధానము కలదు.

సుంకపు టధికారులకును ఇట్టి సందేహమే కలుగును. మన దేశపు కస్టమ్సు పట్టికలోని 97వ అధ్యాయము దానిని తీర్చుచున్నది. కళాకారుడు స్వహస్తముతో సిద్ధపఱచిన ఫలకమునుండి నేరుగా తీసిన ముద్ర మూలకృతి యనబడును. యంత్రముచేతనో, ఛాయాచిత్ర ప్రక్రియచేతనో సిద్ధమైన ఫలకపు ముద్ర అట్టిది కాదు. చదువరులు గమనింపవలసిన దేమనగా, చట్టము ఫలకమును చేసిన చేయి యెవరిదని యడుగుచున్నదే గాని ప్రతులెన్ని యని యడుగుట లేదు. మఱి యీ లెక్క యెక్కడనుండి వచ్చినది?

డ్యూరరు, రెంబ్రాంటు మొదలగు పూర్వపు మహాశిల్పులు తమ ముద్రలపై సంఖ్యలు వేయలేదు. కొనువారున్నంతవఱకును, రేకు అరిగిపోవునంతవఱకును ముద్రించుచుండిరి. 19వ శతాబ్దమున యంత్రముద్రణ ప్రబలి చిత్రములు చవుకయైనవి. మన దేశమున 1894లో రాజా రవివర్మ బొంబాయిలో స్థాపించిన ముద్రణాలయము దేవతామూర్తులను సామాన్యుల గోడలకు చేర్చినది. అది గొప్ప యుపకారమే. కాని యా రంగుల రాళ్లను సిద్ధపఱచినది పనివారు, చిత్రకారుడు కాడు. ప్రతులకు పరిమితియు లేదు. ఇట్టి ముద్రలు వెల్లువగా వచ్చిన కాలముననే చిత్రకారులు తమ చేతిపనిని వేఱుపఱచి చూపదలచిరి. లండనున నివసించిన అమెరికను చిత్రకారుడు విస్లరు 1880లలో పెన్సిలు చేవ్రాలును, పరిమిత ప్రతుల పద్ధతిని ప్రచారమునకు దెచ్చినవారిలో ముఖ్యుడు.

అయినను పరిమితి యన్నంతమాత్రమున ధనికుల సొత్తని తలపరాదు. అమెరికాలో ఆర్థికమాంద్యము పీడించుచున్న 1934లో అసోసియేటెడ్ అమెరికన్ ఆర్టిస్ట్స్ అను సంస్థ థామస్ హార్ట్ బెంటను, గ్రాంట్ వుడ్డు వంటివారి ముద్రలను ఒక్కొక్కటి అయిదు డాలర్లకు విక్రయింపసాగినది. ఉపాధ్యాయులు, గుమాస్తాలు సయితము మూలకృతిని గోడకు తగిలించుకొన గలిగిరి. పిదప ఇరువురు మహిళలు ఈ విద్యకు క్రొత్త ప్రాణము పోసిరి. టాట్యానా గ్రోస్మను 1957లో లాంగ్ ఐలండునందలి తన యింటనే ముద్రణశాల నెలకొల్పి రోషెన్‌బర్గు, జాస్పర్ జాన్సు మున్నగువారిచే రాళ్లపై చిత్రింపించెను. జూన్ వేను 1960లో లాసేంజిల్సున టామరిండ్ శాలను స్థాపించి, అచటివారు మఱచుచున్న రాతిముద్రణను యువకులకు నేర్పించెను.

ఈ చరిత్రలో తెలుగువారి భాగమును గొప్పదే. చిత్తూరు జిల్లా నందనూరున 1925లో జన్మించిన ఎన్. కృష్ణారెడ్డి శాంతినికేతనమున నందలాల్ బోసుకడ చదివి, మద్రాసు కళాక్షేత్రమున బోధించి, లండను మీదుగా పారిసు చేరి శిల్పవిద్య నభ్యసించిరి. 1950లలో అచటి అటెలియే 17 అను హేటరు ముద్రణశాలలో హేటరుతోను, బొంబాయివాడగు కైకో మోతీతోను కలసి యొక నూతనపద్ధతిని రూపొందించిరి. పూర్వము సాధారణముగా రంగున కొక రేకు కావలసియుండెను. వీరు ఒక్క రేకుపైననే వేఱువేఱు లోతులు చెక్కిరి. ఒక సిరాలో అవిసెనూనె హెచ్చుగా గలిపి పలుచన చేసి, మఱొక దానిని చిక్కగా నుంచిరి. గట్టి రోలరు పైభాగమునే తాకును; మెత్తనిది లోతులకు దిగును. నూనె పూసిన పళ్లెమునకు పిండి యంటనట్లు, నూనె హెచ్చుగానున్న సిరాపై చిక్కని సిరా నిలువదు. అందుచే రంగులు కలగాపులగము గాక దేనిచోట నది నిలుచును. ఒక్క రేకు, ఒక్క యొత్తు. పటమంతయు పలు వన్నెలతో వెలువడును. 1963నాటి "సుడిగుండము," పారిసు విద్యార్థుల తిరుగుబాటు చూచి చేసిన 1968నాటి "నిరసనకారులు" ఇట్లు పుట్టినవే. 1970లలో ఆయన న్యూయార్కున స్థిరపడి విశ్వవిద్యాలయమున ముద్రణకళ బోధించి, 2018లో నచటనే కన్నుమూసిరి.

ఇక ప్రతుల లెక్కకు వత్తము. పలుచని గీత చెక్కిన రాగిరేకు కొన్ని ముద్రలకే అరుగును. అచట పరిమితి ప్రకృతిసిద్ధము. కాని రాతినుండియు, ఉక్కుపూత పూసిన రేకునుండియు వందలకొలది తీయవచ్చును. అచట పరిమితి కళాకారుని మాటయే. ఏబది తీసి ఫలకమును గీతలతో చెఱిపివేయుదు నన్నవాడు చెఱిపివేయవలెను. మాట తప్పినచో నేమగునో 1974లో కాన్పించినది. ఆండోరాకు పోవుచున్న యొక వాహనములో, సాల్వడార్ డాలీ ముందుగనే చేవ్రాలు చేసిన వట్టి కాగితములు వేలకొలది పట్టువడినవి. చిత్రము లేకుండగనే చేవ్రాలు! నాటినుండి ఆయన పేరిట ముద్రలను కొనువారు సందేహింపక తప్పలేదు.

కావున ముద్రలను సేకరింపగోరు గృహస్థులు అంకెను చూచుటకు ముందు పటమును చూడవలెను. రేకు ఒత్తుడుకు కాగితముపై పడిన అంచు వ్రేలికి తగులుచున్నదా? భూతద్దములో చిన్నచిన్న చుక్కల వరుసలు కాన్పించుచున్నవా? చుక్కలున్నచో నది ఛాయాముద్ర కావచ్చును. అమ్మువాడు ముద్రణశాల పేరును, సంవత్సరమును చెప్పగలడా? కొన్న పిదప ఎండ తగులని గోడకు తగిలించి, ఆమ్లము లేని అట్టను వెనుక నమర్పవలెను. విదేశపు పేర్లకే మురియ నక్కఱలేదు. మెదకు జిల్లా నిజాంపూరున 1940లో జన్మించిన కె. లక్ష్మాగౌడు తెలంగాణ పల్లెజనులను రాగిరేకులపై నిలిపిరి; వాని ముందు నిలిచినవారికి తమ యూరే కాన్పించును.

ముద్ర యొక్క జన్మధర్మము పలువురిని చేరుట. దానిని కొఱతచేసి వెల పెంచుటయే పరమార్థమని తలచిన సేకర్త నాణెములు దాచు లోభికి భిన్నుడు కాడు. కృష్ణారెడ్డి తన ముద్రల ప్రతులకు లెక్క పెట్టిరి. కాని తాను కనుగొన్న రహస్యమునకు లెక్క పెట్టలేదు. దానిని దేశదేశముల శిష్యులకు నేర్పి, 1988లో గ్రంథముగను ప్రకటించిరి. పటము ఏబది యిండ్లకే చేరినను, దానిని చేయు విద్య నేర్వగోరిన ప్రతివానిది. మన గోడపై నొక మంచి ముద్ర తగిలించునాడు, దాని క్రింది యంకెతోపాటు ఈ సంగతియు మన బిడ్డలకు చెప్పుదము.