కావలి హాజరు నుంచి ఫోన్ ట్యాపింగ్ దాకా

నెల్లూరు జిల్లా కావలిలో ఒకప్పుడు ఎరుకల కుటుంబాలను తెచ్చి ఉంచిన సెటిల్‌మెంట్ ఉండేది. దాన్ని అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ నడిపింది. ఉత్తరాదిలో 1871లో పుట్టిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి పాకిన ఫలితమది. రిజిస్టరులో పేరెక్కితే వేలిముద్ర వేయాలి, చెప్పిన వేళకు హాజరు పలకాలి. ఊరు దాటాలంటే అనుమతి చీటీ కావాలి. నేరం చేశాడా లేదా అని చూసేవాళ్లు లేరు, ఆ కులంలో పుడితే చాలు. అన్నిటికన్నా ఘోరం ఇంకొకటుంది. ఫలానా జాతి నేరస్థ జాతి అన్న ప్రకటనను ఏ కోర్టూ ప్రశ్నించకూడదని చట్టంలోనే రాసుకున్నారు.

మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం రద్దయింది. వెంటనే అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. స్టేషన్లలో షీట్లు మిగిలాయి. రౌడీ షీటు ఈనాటికీ నడిచేది పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల మీద.

ఈ నిఘాను రాజ్యాంగం ముందు నిలబెట్టింది 1962 నాటి ఖరక్ సింగ్ కేసు. అర్ధరాత్రి ఇళ్ల తలుపులు తట్టడం చెల్లదని సుప్రీంకోర్టు అంది కానీ, గోప్యత ప్రాథమిక హక్కు కాదని మెజారిటీ తేల్చింది. మన రాజమండ్రి బిడ్డ జస్టిస్ కోకా సుబ్బారావు ఒప్పుకోలేదు. వెన్నంటి పోలీసు ఉంటే ఆ నడక స్వేచ్ఛ కాదన్నది ఆయన వాదన. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆయన దారికే వచ్చింది. 55 ఏళ్లు పట్టింది!

ఫోన్ల సంగతి వేరే. 1885 టెలిగ్రాఫ్ చట్టం ప్రజా అత్యవసర పరిస్థితి, ప్రజాభద్రత పేరిట వినే అధికారమిచ్చింది. విధివిధానాలు లేవని 1996లో సుప్రీంకోర్టే కొన్ని నిర్దేశించింది. హోం కార్యదర్శి ఉత్తర్వు ఉండాలి, అది రెండు నెలలే చెల్లాలి, ఎంత పొడిగించినా ఆరు నెలలు మించకూడదు. సమీక్ష కమిటీలో ఉండేదీ కార్యదర్శులే, న్యాయమూర్తి లేడు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద వచ్చిన 2024 నిబంధనల్లోనూ అంతే.

2023 ఫిబ్రవరిలో నెల్లూరు రూరల్ ఎమ్మెల్యే కోటంరెడ్డి శ్రీధర్‌రెడ్డి తన ఫోన్ ట్యాప్ చేశారని సొంత పార్టీ ప్రభుత్వం మీదే ఆరోపణ చేశారు. అధికారపక్షం అది ట్యాపింగ్ కాదు, కాల్ రికార్డింగ్ అంది. శాసనసభ్యుడికే నిజం తేల్చుకునే దారి లేకపోతే కావలి కూలీకి ఎక్కడిది? కోర్టు తలుపు ఇప్పుడు తెరిచే ఉంది, నిజమే. కానీ తన మీద నిఘా పెట్టారని తెలిస్తే కదా తలుపు తట్టేది! జర్మనీలో నిఘా ముగిశాక, దర్యాప్తుకు చేటు లేదనుకుంటే, ఆ మనిషికి తెలియజేయాలని చట్టం చెబుతుంది. మన నిబంధనల్లో ఆ మాటే లేదు. పైగా అవసరం లేదనుకున్న రికార్డులను ఆరు నెలలకోసారి ధ్వంసం చేయమని ఉంది.