చలికాలపు పూలమడి

పూవులన్నచో మనకు వసంతమే తోచును. మల్లెలును మామిడిపూతయు ఎల్లరికిని తెలిసినవే. మార్గశిర మాఘములలో పరిమళించు వానిని తలచువారు అరుదు. వానిలో ఒకదానిని గూర్చి తెలుగు పండితు డొకడు చేసిన విచారణము ముచ్చటయైనది.

మేఘసందేశమున కాళిదాసు అలకాపురి స్త్రీలకు ఆరు ఋతువుల పూవులను ఒక్కమారే అలంకరించి, వానిలో కుందమును హేమంతమునకు ఉంచెను. అమరకోశమో, కుందమునకు మాఘ్యమని పేరిడినది. అనగా అది మాఘమాసపు పువ్వు, శిశిరమునకు చెందినది. ఈ చిక్కును విప్పినవాడు మల్లినాథసూరి. కుందము హేమంతమున పుట్టి శిశిరమున ప్రౌఢమగును గనుకనే కవి లేతకుందమనెనని ఆయన వ్యాఖ్య. ఆయన ఇంటిపేరు మెదకు సీమలోని కొల్చారమునుండి వచ్చినదందురు. నిఘంటువు మాత్రమే చూచినవా డిట్లు వ్రాయజాలడు. పెరటిలో పొదను చూచియుండవలెను! ఈ కుందమే మన మొల్ల. రామాయణము రచించిన కవయిత్రి పేరును ఇదియే.

కొల్చారమునకు దక్షిణమున, అదే పీఠభూమిమీద, చేవెళ్ల, మొయినాబాదు లున్నవి. నేడు హైదరాబాదునకు పూవులు పంపు పల్లెలలో ఇవి ముఖ్యములు. దీనికి కారణము వెదకబోయిన మనము ఒక వరదకడకు చేరుదుము. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచెను. అట్టి ఉపద్రవము మరల రాకుండుటకై మూసీపై ఉస్మానుసాగరము 1920లోను, ఈసీపై హిమాయతుసాగరము 1927లోను పూర్తియయ్యెను. ఆ జలాశయముల నీరు చెడకుండ 1996లో వెలువడిన 111వ జీవో, చుట్టును పది కిలోమీటర్లలోని 84 గ్రామములందు కర్మాగారములను, పెద్ద కట్టడములను అడ్డగించెను. అది త్రాగునీటికొఱకు పుట్టినదే కాని పూలకొఱకు కాదు. అయినను దాని నీడన పొలము పొలముగానే నిలిచినది. గులాబీలు, చేమంతులు గుడిమల్కాపురపు అంగడికి చేరినవి.

తరువాత పాలిహౌసులు వచ్చినవి, వానిలో జెర్బెరా వచ్చినది. చూపునకు అందమే, వాసన లేదు. రైతును తప్పుపట్టలేము. పెండ్లిపందిళ్లకు వాడని పువ్వు కావలెను, మూర్కొనువా రెవరు? 2022లో 69వ జీవో ఆ నిర్బంధములను సడలించెను. పొలములో ఇప్పుడు పూలమొక్కతో పోటీపడునది మఱియొక పంట కాదు, ఇంటిస్థలపు హద్దురాయి.

ఇక పరిమళమునకు చోటు పెరడే. గోడవెంబడి మొల్లను ఆరడుగుల ఎడముతో నాటవలెను. వానకాలమున అంటుతొక్కినచో సులభముగా వేరుపట్టును. నీరు నిలువరాదు. దీని వాసన మల్లెవలె వీథినుండి పిలుచునది కాదు, దగ్గరకు పోయినవారికే దక్కును. దానిముందు పన్నీరు గులాబి. అక్టోబరులో కత్తిరించిన ఆరేడు వారములకు మొగ్గలు వచ్చును. అంచున చేమంతి, దవనము, మరువము.

చేమంతి విషయమున మేము ఒక యేడు మోసపోయితిమి. వీథిదీపము క్రిందనున్న మొక్కలు ఏపుగా పెరిగియు మొగ్గ తొడుగవయ్యె. ఎరువుదే లోపమనుకొంటిమి. చేమంతికి పూతకాలమును తెలుపునది చలికంటెను దీర్ఘమైన చీకటి. దీపము ఆ రాత్రిని చెఱచినది. కుండీలను ఇంటివెనుకకు మార్చినపిదప మొగ్గలు తొడిగినవి.

మొల్లను మాత్రము చలికి ముందు కత్తిరింపరాదు. ఫాల్గుణమున పూత ముగిసినవెంటనే పొదను సగమునకు కోసి, పాదుకు పేడయెరువు వేయవలెను. ఆ తరువాత వచ్చు క్రొత్తకొమ్మలే మఱుసటి మార్గశిరమున పూచును.